వాగ్దాన కార్డు ఫ్రిజ్ మీద ఉంది, నాలో మాత్రం బలం లేదు

రాత్రి_డ్యూటీ

డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో నా చేతికి వచ్చిన వాగ్దాన కార్డు, అంటే కొత్త ఏడాదికి దేవుని మాటగా ఇచ్చే బైబిలు వచనం, యెషయా 40:31. "అలయక పరుగెత్తుదురు, సొమ్మసిల్లక నడిచిపోవుదురు" అన్న మాటలు, వాటి వెనుక రెక్కలు చాపిన గద్ద బొమ్మ. దానిని ఫ్రిజ్ తలుపుకు అతికించాను. ఎనిమిది నెలలుగా పాల గిన్నె తీసిన ప్రతిసారీ అది కంటబడుతోంది, కంటబడిన ప్రతిసారీ నన్ను వెక్కిరిస్తున్నట్టు అనిపిస్తోంది.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. నెలలో పదిహేను రాత్రులు డ్యూటీ ఉంటుంది. మా అమ్మకు పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలైంది. కుడి చెయ్యి, కుడి కాలు పని చేయవు, మాట సగమే వస్తుంది. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. పాప తొమ్మిదో తరగతి చదువుతోంది, నేను లేని రాత్రుల్లో అమ్మమ్మ పక్కన అదే పడుకుంటుంది. ఉదయం నేను ఇంటికి చేరాక అమ్మకు ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, మెత్తగా కలిపిన అన్నం చెంచాతో పెట్టడానికే రెండు గంటలు పడుతుంది. ఆ తరువాత ప్రార్థనకు మోకరిస్తే మంచం పట్టె మీద తల ఆనించి అలాగే నిద్రపోతున్నాను.

గత శుక్రవారం ఉపవాస కూడికలో ఒక సహోదరి సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు, చెబుతూ, నా వైపు చూడకుండానే నన్ను చూస్తున్నట్టుగా, "ప్రార్థించినా బలం రాలేదంటే విశ్వాసంలో ఎక్కడో లోపం ఉన్నట్టే" అన్నారు. ఇంటికి వచ్చి ఏడుద్దామన్నా ఓపిక లేకపోయింది.

మీలో నిజంగా అలసిపోయినవారు, విశ్వాసం వల్ల బలం పొందామని మనస్సాక్షిగా చెప్పగలిగినవారు ఉంటే, ఆ బలం ఏ రూపంలో వచ్చిందో చెప్పండి. దయచేసి వచనాలు మాత్రం పంపి ఊరుకోవద్దు. అవి నాకు వాట్సాప్‌లో రోజుకు నలభై వస్తున్నాయి.

పాత_పంతులు

వచనాలు పంపవద్దన్నారు కాబట్టి కొత్తది పంపను, మీ ఫ్రిజ్ మీద ఉన్నదాని గురించే ఒక మాట చెబుతాను. కార్డులు అచ్చు వేసేవారు 31వ వచనాన్ని కత్తిరించి వేస్తారు, దాని పైనున్న 30వ వచనాన్ని వదిలేస్తారు. "బాలురు సొమ్మసిల్లుదురు అలయుదురు, యౌవనస్థులు తప్పక తొట్రిల్లుదురు" అని అక్కడ స్పష్టంగా ఉంది. తప్పక అన్నాడు, గమనించండి. సొంత దేశం పోగొట్టుకుని బబులోను చెరలో బందీలుగా దశాబ్దాలు గడిపిన యూదా జనానికి ఉద్దేశించిన మాటలు అవి. ఎదురు చూసి చూసి కళ్ళు కాయలు కాసినవారికి చెప్పినవి. అలసట రావడం అక్కడ తప్పుగా లెక్కకు రాలేదు, అది మొదటే ఒప్పుకున్న సంగతి.

ముప్పయ్యేళ్ళు బడిలో పాఠం చెప్పినవాడిని. సగం వాక్యం చదివి అర్థం చెప్పే పిల్లవాడికి నేను ఎన్నడూ మార్కులు వేయలేదు.

మోకాళ్ల_అనుభవం

పంతులుగారి వివరణ బాగుంది కానీ అది ఓదార్పు మాత్రమే, పరిష్కారం కాదు. నేను అనుభవంతో చెబుతున్నాను. 2016లో నా ఉద్యోగం పోయింది. నలభై రోజులు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, మధ్యాహ్నం వరకు ఉపవాసం ఉండి ప్రార్థించాను. ఆ నలభై రోజుల్లో నాకు కలిగిన బలం అంతకుముందు ఎన్నడూ లేదు. శరీరం అలసిందని ప్రార్థన తగ్గిస్తే ఆత్మ కూడా అలసిపోతుంది. ఆ సహోదరి చెప్పిన పద్ధతి కటువుగా ఉండవచ్చు, విషయం మాత్రం పూర్తిగా తప్పు కాదు.

బీట్రూట్_కూర

మోకాళ్ల_అనుభవం గారూ, ఆ నలభై రోజులు మీ ఇంట్లో వంట ఎవరు చేశారు?

స్టెతస్కోపు

నేను వైద్యుడిని, ఆదివారం గాయకబృందంలో కూడా ఉంటాను, కాబట్టి రెండు వైపులా మాట్లాడే హక్కు కొద్దిగా ఉందనుకుంటున్నాను. రాత్రి_డ్యూటీ గారూ, మీ వార్డులో నలభై ఏళ్ళ స్త్రీ వచ్చి, ఎంత పడుకున్నా అలసట తీరడం లేదు, ఏడుద్దామన్నా ఏడుపు రావడం లేదు, ఇష్టమైన పని మీద మనసు పోవడం లేదు అని చెబితే, మీరు ఆమె విశ్వాసం గురించి అడుగుతారా, రక్త పరీక్ష చేయిస్తారా? హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర ఈ వారంలోనే చూపించుకోండి. రాత్రి డ్యూటీలు చేసే నర్సుల్లో రక్తహీనత ఉన్నవారిని నేను ఎందరినో చూశాను.

రెండు వారాలకు మించి మనసు ఇలాగే ఉంటే అది కుంగుబాటు కావచ్చు, దానికి మందు ఉంది. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనే మాట్లాడతారు. మందు వేసుకుంటే దేవుడిని నమ్మనట్టు అని ఎవరైనా అంటే, వారు కళ్ళజోడు తీసి బైబిలు చదవాలని నా మనవి.

బీట్రూట్_కూర

కళ్ళజోడు మాట మా సంఘ పెద్దకు చెప్పాలి. ఆయన రెండు జతలు వాడతారు.

రాత్రి_డ్యూటీ

స్టెతస్కోపు గారూ, రోజుకు ఇరవై మంది రక్తం తీస్తాను, నా రక్తం తీయించుకుని మూడేళ్ళయింది. రేపు తీయిస్తాను.

మోకాళ్ల_అనుభవం గారూ, మీ మీద కోపం లేదు. కానీ నాలుగు గంటలకు లేవమంటున్నారు. ఆ వేళకు నేను ఐసీయూలో నిలబడి ఉంటాను.

గుణదల_మెట్లు

నేను కతోలికురాలిని, ఇక్కడ ఎక్కువమంది ఇతర సంఘాలవారని తెలుసు, అయినా చెబుతాను. మా ఆయనకు క్యాన్సర్ వచ్చిన ఏడాదిన్నరలో నాకు సొంతంగా ఒక్క ప్రార్థన కూడా రాలేదు. నోరు తెరిస్తే ఏమి అడగాలో తెలిసేది కాదు. అప్పుడు మా అమ్మమ్మ జపమాల తీసుకున్నాను. ఆ మాటలు నావి కావు, నేను కూర్చినవి కావు, అయినా చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైనవి కాబట్టి అవే నన్ను లాక్కుపోయాయి. చాలా రాత్రులు మాలలో మూడో పది పూసలకు చేరకముందే నిద్రపోయేదాన్ని. మిగిలిన పూసలు కావలి దూత పూర్తి చేస్తాడని మా అమ్మమ్మ అనేది. నవ్వులాటకు అనేదో, నమ్మి అనేదో అప్పుడు తెలియలేదు.

మేము పునీతురాలిగా గౌరవించే ఫ్రాన్సు దేశపు కన్యాస్త్రీ చిన్న తెరేసమ్మ కూడా ప్రార్థనలో కునుకు తీసేవారు. నిద్రపోతున్న పిల్లలు కూడా తల్లిదండ్రులకు ముద్దే కదా అన్న అర్థం వచ్చేలా ఆవిడే రాసుకున్నారు. మంచం పట్టె మీద నిద్రపోతున్నానని మీరు రాసిన చోట నాకు ఆవిడే గుర్తుకు వచ్చారు.

మోకాళ్ల_అనుభవం

ఇతరులు రాసిన ప్రార్థనను చదవడం హృదయంలోంచి వచ్చే ప్రార్థన ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

పాత_పంతులు

సిలువ మీద మన ప్రభువు కేక వేసిన మాట 22వ కీర్తన మొదటి వచనం. తన ప్రాణం పోతున్న గడియలో ఆయన కూడా పూర్వులు రాసిన ప్రార్థననే పలికాడు. కొత్తగా కూర్చుకునే శక్తి లేనప్పుడు పాత మాటలను ఆశ్రయించడానికి అంతకంటే పెద్ద ఆధారం నాకు తెలియదు.

వేదిక_నిర్వాహకుడు

కతోలిక, ప్రొటెస్టెంటు వాదానికి వేరే శీర్షిక ఉంది. ఇక్కడ అడిగినవారి ప్రశ్నకే జవాబు చెప్పండి.

ఒంగోలు_మనవడు

"బలం ఏ రూపంలో వచ్చింది" అని అడిగారు కాబట్టి మా ప్రాంతపు చరిత్ర ఒకటి చెబుతాను. కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపిక లేకపోతే మరో రోజు చదవండి.

1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవారు. యవ్వనంలో సర్వే పని చేసిన అనుభవం ఉన్నందున బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని ఆయన గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. పలుగు, పార, గంప, ఎండ. చాలామంది మాదిగ కుటుంబాలవారు, ఒంట్లో సత్తువ లేకుండానే పనికి వచ్చినవారు. బోధకులు వారి మధ్యనే ఉండి, పని ఆగిన వేళల్లో పక్కన కూర్చుని మాట్లాడేవారు. ఆ రోజుల్లో అన్నిటికంటే ఎక్కువగా చెప్పిన వాక్యం మత్తయి 11:28 అని క్లౌ తరువాత రాసుకున్నారు. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి."

నేను ఆ వాక్యాన్ని చిన్నప్పటి నుంచి ఆదివారపు బడిలో వల్లించాను. భారం అంటే పాపభారమనీ, మనసులోని బరువనీ మాకు నేర్పారు. ఆ కాలువ గట్టు మీద విన్నవారికి భారం అంటే నెత్తి మీది మట్టి గంప. ఆ గంప దించి కింద కూర్చున్న మనిషికి ఎవరో వచ్చి, బరువు మోసేవాడిని పేరు పెట్టి పిలిచినట్టు ఆ మాట చెప్పారు. చేతిలో ఆ రోజు కూలి కూడా ఉంది. కూలి లేకుండా ఆ వాక్యం ఒక్కటే ఇచ్చి ఉంటే వారు ఏమనుకునేవారో నేను చెప్పలేను.

ప్రశ్నార్థకం

నేను ఇప్పుడు విశ్వాసిని కాను, పెరిగింది మాత్రం పాస్టరు గారి ఇంట్లోనే. అన్నం పెట్టి మతంలో కలుపుకున్నారనే మాట ఈ కథకు వెంటనే వస్తుంది కదా?

ఒంగోలు_మనవడు

వస్తుంది, అది క్లౌకు కూడా తెలుసు. అందుకే కరువు సాయం జరుగుతున్నంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశారు. సాయం ముగిశాక, ఇక ఇవ్వడానికి డబ్బు ఏమీ లేదని తెలిసిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

అసలు నేను చెప్పాలనుకున్న సంగతి ఇప్పుడు వస్తోంది. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చిన బోధకులు ఆరుగురు. ఒకేసారి ఇద్దరు మాత్రమే దిగేవారు. ఆ ఇద్దరూ అలసిపోగానే గట్టెక్కి, మరో ఇద్దరు దిగేవారు. మధ్యాహ్నం అందరూ విశ్రాంతి తీసుకున్నారు కూడా. తెలుగు సంఘాల చరిత్రలో అంత పెద్ద రోజున కూడా వంతులు వేసుకున్నారు. అలసిన చేతులతోనే చివరి దాకా ముంచి లేపాలని ఎవరూ పట్టుబట్టలేదు.

బీట్రూట్_కూర

అంటే షిఫ్టులు మొదలుపెట్టింది ఆసుపత్రులు కావు, గుండ్లకమ్మ అన్నమాట.

పేరు_చెప్పని_కాపరి

రెండు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆలోచించాను. నేను ఒక పాస్టరేటులో కాపరిని. ఐదు గ్రామాల్లో సంఘాలున్నాయి, ఒక్క మోటారు సైకిలు ఉంది. ఈ వేసవిలో పదకొండు వారాల్లో తొమ్మిది సమాధి కార్యక్రమాలు చేశాను, వాటిలో రెండు చిన్న పిల్లలవి. ప్రతి ఇంట్లోనూ "అయ్యగారూ, ధైర్యం చెప్పండి" అన్నారు, చెప్పాను. తొమ్మిదో ఇంటి నుంచి తిరిగి వస్తూ చెరువు గట్టు మీద బండి ఆపి, ప్రభువా, నాకు ఎవరు చెబుతారు అని అడిగాను. జవాబు వినబడలేదు. ఎవరో గేదెలను తోలుకుంటూ వచ్చి, "అయ్యగారూ, పెట్రోలు అయిపోయిందా?" అని అడిగారు.

మేము బోధించే కీర్తనల్లో 88వది ఒకటి ఉంది. మిగతా విలాప కీర్తనలు దాదాపు అన్నీ చివరకు వచ్చేసరికి ఏదో ఒక స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. ఇరవై రెండేళ్ళ సేవలో దాని మీద ఒక్కసారి కూడా ప్రసంగించలేదు, సంఘం కుంగిపోతుందని భయపడ్డాను. జూన్‌లో ఒక ఆదివారం చదివి, వివరణ ఏమీ చెప్పకుండా, మనం మౌనంగా ఉందాం అన్నాను. ఆరాధన అయ్యాక బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి వచ్చి, ఇది బైబిల్లో ఉందని నాకు ఎవరూ చెప్పలేదేమి అని అడిగింది. ఆమె కోపంగానే అడిగింది. ఆ రోజు నుంచి ఆమె మళ్ళీ గుడికి వస్తోంది.

రాత్రి_డ్యూటీ గారికి సూటిగా చెప్పవలసింది కూడా ఉంది. కూడికలో ఆ మాట అన్న సహోదరికి అలా మాట్లాడటం నేర్పింది మాలాంటివారమే. గెలిచిన సాక్ష్యాలకే మైకు ఇస్తాము. ఇంకా మధ్యలో ఉన్నవారిని, ముగింపు దొరకనివారిని లేచి మాట్లాడమని అడగము.

ప్రశ్నార్థకం

మా నాన్నగారు కూడా ఇలా ఒక్కసారి మాట్లాడి ఉంటే బాగుండేది.

కువైట్_శుక్రవారం

నాది కోనసీమ. కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తున్నాను, తొమ్మిదేళ్ళయింది. ఆ ఇంటి పెద్దావిడకు కూడా పక్షవాతమే. వాళ్ళ అమ్మను నేను చూసుకుంటాను, మా అమ్మను ఊళ్ళో మా చెల్లెలు చూసుకుంటుంది. దీని గురించి ఎక్కువ ఆలోచిస్తే పని చేయలేను కాబట్టి ఆలోచించను.

ఇక్కడ వారపు సెలవు శుక్రవారం కనుక మా ఆరాధన ఆ రోజే. నెలకు రెండుసార్లు పంపుతారు. పొద్దున్నే నాలుగు గంటలకు లేచి పనంతా ముగించుకుని వెళ్ళి కూర్చుంటే, ప్రసంగం సగంలో నా తల పక్కనున్న అక్క భుజం మీద వాలిపోతుంది. ఆవిడ నన్ను ఎన్నడూ లేపలేదు. పాట వచ్చినప్పుడు మాత్రం లేపుతుంది, నాకు పాటలంటే ఇష్టమని తెలుసు. బలం ఏ రూపంలో వచ్చింది అని అడిగారు కాబట్టి చెబుతున్నాను, నాకు ఆ భుజం రూపంలో వచ్చింది.

ఇంకొక మాట. మొన్న మార్కు 2వ అధ్యాయం చదివారు. పక్షవాయువు గలవాడిని నలుగురు మోసుకుని వచ్చి ఇంటి కప్పు విప్పి దించారు. "యేసు వారి విశ్వాసము చూచి" అని రాసి ఉంది. మంచం మీద ఉన్నవాడికి విశ్వాసం ఎంత ఉందో అక్కడ రాయలేదు. నలుగురు మోశారని ఉంది, ఒక్కరే మోశారని లేదు. రాత్రి_డ్యూటీ అక్కా, మీ అమ్మగారి మంచాన్ని నాలుగు మూలలా మీరే పట్టుకుంటున్నారు. చేతులు పడిపోవా?

పాత_పంతులు

ముప్పయ్యేళ్ళుగా ఆ అధ్యాయం చదువుతున్నాను. "వారి" అన్న ఆ ఒక్క సర్వనామం దగ్గర ఇంతవరకు ఆగలేదు.

డాలస్_చిన్నకూతురు

కువైట్_శుక్రవారం గారు చెప్పిన మాట నాకు గట్టిగా తగిలింది. మా నాన్నగారిని ఏలూరులో మా అక్క చూసుకుంటుంది. నేను ఇక్కడి నుంచి నెలనెలా డబ్బు పంపుతాను, రోజూ ఉదయం ఒక వాగ్దాన వచనం, గులాబీ పువ్వు బొమ్మతో సహా పంపుతాను. మొదటి పోస్టులో చెప్పిన నలభైలో ఒకటి పంపే మనిషిని నేనే అని చదవగానే అర్థమైంది.

నిన్న అక్కకు ఫోన్ చేసి, ప్రార్థన చేస్తున్నాను అనకుండా, నీకు ఏ రోజులు బరువుగా ఉన్నాయి అని అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, రాత్రుళ్ళు అంది. వారంలో మూడు రాత్రులకు మనిషిని పెట్టడానికి ఎంత అవుతుందో కనుక్కుని ఈ నెల నుంచే ఏర్పాటు చేశాను. పదకొండేళ్ళుగా వేయని ఈ లెక్క ఇప్పుడు వేసి చూస్తే నేను కొనే కాఫీల ఖర్చు కంటే ఎక్కువేమీ కాదు, ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మోకాళ్ల_అనుభవం

బీట్రూట్_కూర గారు అడిగిన ప్రశ్నకు నాలుగు రోజులుగా జవాబు ఇవ్వలేదు. ఆ నలభై రోజులూ వంట చేసింది నా భార్య. పొద్దున బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం ట్యూషన్లు చెప్పి, వచ్చి వంట చేసింది. మా బావమరిది రెండు బస్తాల బియ్యం పంపాడు. ఎనిమిదేళ్ళుగా ఆ సాక్ష్యాన్ని కనీసం ముప్పై కూడికల్లో చెప్పి ఉంటాను, ఈ రెండు సంగతులు ఒక్కసారి కూడా అందులో లేవు. నిన్న రాత్రి ఆమెను అడిగితే, మీరు చెబుతారేమోనని మొదట్లో రెండు మూడు సార్లు ఎదురు చూశాను అంది.

ఉపవాసం విషయంలో నా అభిప్రాయం మారలేదు. అది నాకు మేలు చేసింది. అయితే ఆమెకు ఆ అవకాశం నేను ఇవ్వలేదు.

బీట్రూట్_కూర

నేను వేళాకోళానికే అడిగాను. ఇలాంటి జవాబు వస్తుందని అనుకోలేదు. మీ మీద గౌరవం పెరిగింది.

ప్రశ్నార్థకం

ఇక్కడ చదివిన అన్ని అనుభవాల్లోనూ బలం ఇచ్చింది మనుషులే: భుజం, బియ్యం, కూలి, రాత్రి కాపలా మనిషి. అలాంటప్పుడు దేవుడు ఇచ్చాడని ఎందుకు అంటారు? వాదానికి కాదు, నిజంగానే అడుగుతున్నాను.

పేరు_చెప్పని_కాపరి

బైబిల్లో ఏలీయా ప్రవక్త కథలో దేవదూత తెచ్చినది ఏమిటో చూడండి: నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్ళు. చావు కోరుకుని పడుకున్న ప్రవక్తకు మొదట దొరికింది దర్శనం కాదు, భోజనం. తిని మళ్ళీ పడుకున్నాడు, రెండోసారి కూడా భోజనమే వచ్చింది. "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది" అని దూత ఒప్పుకున్నాడు. ఆ అధ్యాయం ముగిసేలోగా ఎలీషా అనే తోడు కూడా దొరికాడు. మీ ప్రశ్నకు ఇది ఋజువు కాదని నాకు తెలుసు. మీరు మనుషులంటున్న చోటనే మేము ఆయనను చూస్తున్నామని మాత్రం చెప్పగలను.

రాత్రి_డ్యూటీ

కాపరి గారూ, ఏలీయాకు అప్పం కాల్చింది దేవదూత. మా ఇంట్లో కాల్చేది కూడా నేనే. అయినా చదివి చాలా రోజుల తరువాత నవ్వాను.

మూడు వారాలైంది కాబట్టి ఏమి జరిగిందో రాస్తున్నాను. హిమోగ్లోబిన్ 8.1 వచ్చింది. మాత్రలు వేసుకుంటున్నాను. కుంగుబాటు విషయంలో కూడా ఒక నిపుణురాలితో మాట్లాడటం మొదలుపెట్టాను. పాపను రాత్రుళ్ళు అమ్మమ్మ దగ్గర పడుకోబెట్టడం గురించి ఆవిడ అడిగిన ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేకపోయింది.

కువైట్_శుక్రవారం గారి మాట చదివిన రాత్రి మా సంఘంలోని స్త్రీల బృందం, స్త్రీల మైత్రి, సెక్రటరీ గారికి ఫోన్ చేశాను. ప్రార్థించండి అని అడగలేదు, వచ్చి కూర్చోండి అని అడిగాను. అలా అడగడానికి ఇరవై నిమిషాలు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ముగ్గురు ఒప్పుకున్నారు. మంగళవారం వచ్చిన ఆంటీ అమ్మకు పాటలు పాడి వినిపిస్తానని చెప్పి, అమ్మ కంటే ముందు తానే నిద్రపోయి గురక పెట్టారు. అమ్మ ఆవిడ వైపు చూసి ఎడమ చేత్తో నోరు మూసుకుని నవ్వింది. పద్నాలుగు నెలల్లో ఆ నవ్వు చూడటం ఇదే మొదటిసారి. శనివారం వచ్చే ఆవిడ మాత్రం నిలబడి పని చేస్తారు, వెళ్ళేటప్పుడు గిన్నెలు కూడా కడిగి వెళ్తారు. సాక్ష్యం చెప్పిన సహోదరి రాలేదు, నేను అడగనూ లేదు.

ప్రశ్నార్థకం గారూ, మీరు అడిగిన తేడాను తేల్చే ఓపిక నాకు ఇంకా రాలేదు. వచ్చినవారిని ఎందుకు వచ్చారని అడిగితే మాత్రం వాళ్ళు ప్రభువు పేరే చెబుతున్నారు.

పోయిన ఆదివారం ఆరాధనకు వెళ్ళలేదు. పొద్దున ఏడింటికి పడుకుని మధ్యాహ్నం రెండింటికి లేచాను. కార్డు ఫ్రిజ్ మీదనే ఉంది. పంతులుగారి 30వ వచనాన్ని పాప స్కెచ్ పెన్నుతో దాని పైన రాసింది, గద్ద రెక్క మీదుగా. నిన్న రాత్రి మోకరించి, నిద్రపోకముందు "ప్రభువా, నేను ఇక్కడే ఉన్నాను" అన్నాను. అంతకు మించి రాలేదు.

మంగళవారం, శనివారం, రెండో ఆదివారం ఏర్పాటు అయింది. గురువారం రాత్రులు మాత్రం ఇంకా ఎవరూ దొరకలేదు.

గుణదల_మెట్లు

మీరు విజయవాడలో ఎక్కడ ఉంటారో నాకు విడిగా సందేశం పంపండి. గురువారం నాకు వీలవుతుంది, మా ఆయన పోయాక రాత్రుళ్ళు ఎలాగూ త్వరగా నిద్ర పట్టడం లేదు. అమ్మగారికి ఏ వైపు తిరిగి పడుకోవడం సౌకర్యంగా ఉంటుందో, మందులు ఏ వేళకు ఇవ్వాలో రాసి పెట్టండి. జపమాల తెచ్చుకుంటాను, ఆవిడకు అభ్యంతరమైతే బయటి గదిలో కూర్చుని చెప్పుకుంటాను.

రాత్రి_డ్యూటీ

ఎడమ వైపు. సందేశం పంపాను. జపమాల గురించి అమ్మను అడిగితే, లోపలే కూర్చోమను అంది. రెండు మాటలు, కానీ స్పష్టంగా అంది.